ఎదురు జట్టు దరువు

మా ఊరి ఫుట్‌బాల్ జట్టు కెప్టెన్ మొన్న చలికాలంలో మా ఇంటికి వచ్చాడు. పాతికేళ్ళు దాటినవాడు, సుచిత్ర చౌరస్తా దగ్గర ఏదో ఆఫీసులో పని చేస్తాడు. గ్రౌండు చుట్టూ గోడ కట్టారు, ఒక పక్క సిమెంటు మెట్లు వేశారు. ఆ సందర్భంగా చిన్న పుస్తకం అచ్చు వేస్తున్నామని చెప్పాడు.

"కాకా, మెట్లయితె కట్టినం గని మందే వస్తలేరు. వచ్చిన పదిమంది గూడ ఫోన్లు సూసుకుంట కూసుంటున్రు. ఎనకట మన గ్రౌండ్ల మ్యాచంటె మస్తు మజా ఉంటుండె అంటరు గద. గది ఎట్లుంటుండె, ఎందుకుంటుండె, రెండు పేజీలు రాసియ్యి. మైకుల చెప్పినోనివి నువ్వే నాయె."

రాసిస్తానన్నాను. రెండు రోజులు కూర్చుని రాశాను. తుమ్మచెట్ల నీడ గురించి, ఉడకబెట్టిన పల్లీల గురించి, స్కూటరు మీద ఛాయ్ క్యాను పెట్టుకుని వచ్చే ఆయన గురించి, రోడ్డు మీద పోతూ పోతూ ఆగిపోయే లారీల గురించి రాశాను. చదివి చూసుకుంటే ఒక్కటీ అబద్ధం కాదు. కానీ ఆ రెండు పేజీల్లో డప్పు కొట్టే మనిషి లేడు. అతన్ని వదిలేసి మా గ్రౌండు గురించి రాశానంటే, ఎందుకు వదిలేశానో నాకు తెలుసు. ఆ కాగితాలు చించేశాను.

అతని గురించి రాయాలంటే తొమ్మిదేళ్ళ కింద జరిగిన ఫైనల్ గురించి రాయాలి. ఆ రోజు ఎదుటి జట్టును ఎగతాళి చేస్తూ చావు దరువు కొట్టింది అతనేననీ, గొడవకు అతనే కారణమనీ మా ఊళ్ళో అందరూ నమ్ముతారు. దానికి శిక్షగా అతన్ని గ్రౌండులో అడుగు పెట్టొద్దన్నారు. కొట్టింది అతను కాదు. ఈ మాట చెప్పడానికి నాకు తొమ్మిదేళ్ళు పట్టింది.

*

మా గ్రౌండు మేడ్చల్ నుంచి శామీర్‌పేట పోయే రోడ్డుకు కొంచెం లోపలగా ఉంటుంది. ఇప్పుడు మూడు వైపులా గోదాములే. అప్పుడు ఒక వైపు తుమ్మలు, ఇంకో వైపు మక్కచేన్లు. ఎర్రమట్టి నేల, వెతికినా గడ్డి దొరకదు. ఆదివారం పొద్దున్నే ముగ్గుపిండితో గీతలు గీసేవాళ్ళం. సాయంత్రం ఆట అయ్యేసరికి ఆ పిండి అంతా ఆటగాళ్ళ మోకాళ్ళ మీద ఉండేది.

గోలు స్తంభాలకు కట్టే వలలు శామీర్‌పేట చెరువులో చేపలు పట్టే ఒకాయన తెచ్చి ఇచ్చినవి. చెరువులో ఇక పనికిరాని పాత వలలు. టోర్నమెంటుకు ముందు ఆయనే వచ్చి, స్తంభం పక్కన నేల మీద కూర్చుని, చినిగిన చోటల్లా అల్లి పోయేవాడు. ఒక ఛాయ్ తాగేవాడు, అంతే. ఆయన పేరు మాలో చాలామందికి తెలియదు. వలాయన అనేవాళ్ళం. వాన పడితే వలల్లోంచి చేపల వాసన వచ్చేది. బయటి నుంచి వచ్చిన గోల్‌కీపర్లు ముక్కు మూసుకుంటే మా వాళ్ళు నవ్వేవాళ్ళు.

ఆట నాలుగు గంటలకు. కానీ మూడున్నరకు మైకు టెంటు వెనకాల పొగ లేచినప్పుడే ఆట మొదలైనట్టు. అతను ఎండుగడ్డి మంట వేసి డప్పు కాచుకునేవాడు. తోలు వేడెక్కి బిగిసిందా లేదా అని వేలితో ఒకసారి మీటి చూసి, మళ్ళీ మంట మీద పట్టేవాడు. ఆ పొగ చూసి జనం ఇళ్ళలోంచి లేచి వచ్చేవాళ్ళు. మేం మైకులో ఎన్నిసార్లు పిలిచినా అంత తొందరగా రాలేదు ఎన్నడూ.

అతనూ నేనూ ఒక్క ఈడువాళ్ళం, ఏడో తరగతి దాకా ఒకే బడి. అతని ఇంట్లో తాతల నాటి నుంచి డప్పు ఉంది. మాది పటేళ్ళ ఇల్లు. నలుగురిలో ఉన్నప్పుడు నన్ను "పటేలా" అనేవాడు. ఇద్దరమే ఉంటే "ఏంరా" అనేవాడు. బడి ఎగ్గొట్టిన రోజుల్లో ఆ తుమ్మల చాటునే అతను నాకు డప్పు నేర్పాడు. కుడిచేతిలో పొట్టి కర్ర, ఎడమచేతి వేళ్ళ మధ్య సన్నటి పొడుగు పుల్ల. పెళ్ళి దరువు వచ్చింది, బోనాల దరువు వచ్చింది, వద్దన్నా వినకుండా చావు దరువు కూడా నేర్చుకున్నాను. పటేళ్ళ పిల్లవాడు డప్పు ముట్టాడని తెలిస్తే మా బాపు నన్నేం చేసేవాడో కానీ, అతని నాయినను మాత్రం ఊరికే వదిలేవాడు కాదు. అందుకని ఇద్దరం ఎవరికీ చెప్పలేదు. ఆ రహస్యం అట్లాగే మాతో పెరిగి పెద్దదైంది.

గ్రౌండులో అతను కొట్టే పద్ధతి ఇంకెక్కడా చూడలేదు నేను. ఒక్కొక్క ఆటగాడికి ఒక్కొక్క దరువు కట్టాడు. ఎడమ వైపు పరిగెత్తేవాడిది మటన్ దుకాణం. అతని కాలికి బంతి అందితే కత్తి మొద్దు మీద పడ్డట్టు గబగబా నాలుగు దెబ్బలు. వెనక నిలబడేవాడు పాలవ్యాన్ డ్రైవరు, లావుపాటి మనిషి. అతనికి రెండే దెబ్బలు, నిదానంగా. ఆ పాలవ్యాన్ డ్రైవరు అవ్వకు చూపు సరిగ్గా ఆనేది కాదు. అయినా ప్రతి ఆదివారం చెట్టు కింద చాప వేసుకుని కూర్చునేది.

"నీకు కనవడదు గద అవ్వా, ఏం సూస్తవ్?" అని ఎవరో అడిగితే,

"సూసుడెందుకురా, ఇంటే ఎర్కయితలేదా? గిప్పుడు బంతి మా మనుమని కాడున్నది. గీ సన్నాసి జల్దీ తన్నడు సూడు" అన్నది. అట్లాగే అయింది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వి నవ్వి పడ్డారు.

పెనాల్టీ అంటే అతను కర్ర చంకలో పెట్టుకుని, చేత్తో డప్పు తోలును మూసేవాడు. అంతే, గ్రౌండు మొత్తం ఊపిరి బిగబట్టేది. రోడ్డు మీద గేర్లు మార్చే లారీ చప్పుడు, మక్కచేలో గాలి చప్పుడు తెలిసేవి. బంతిని తన్నే కాలు నేలకు రాసుకున్న చప్పుడు కూడా నేను విన్నాను. తుర్కపల్లి మందుల ల్యాబుల నుంచి డ్యూటీ దిగి పోయే క్యాబులు రోడ్డు వారన ఆగేవి. మెడలో కార్డులు వేలాడేసుకున్నవాళ్ళు కిటికీల్లోంచి తలలు బయటపెట్టి, ఏ జట్టేదో తెలియకుండానే, వాళ్ళూ నోరు మూసుకునేవాళ్ళు.

ఇంకొక పద్ధతి ఉండేది. ఎదుటి జట్టు గోలు కొడితే వాళ్ళకూ ఒక దరువు కొట్టేవాడు. చిన్నదే, చుట్టాన్ని గడప దగ్గర పలకరించినట్టు ఉండేది. మొదట్లో మా వాళ్ళకు నచ్చలేదు.

"మనకు గోల్ పడితె సంబురమేందే? ఎవల దిక్కున్నవ్ నువ్వు?" అని మటన్ దుకాణం అతను గ్రౌండులోంచే అరిచాడు.

"గాళ్ళు రాకుంటె ఎవలతోని ఆడుతవ్? నీ మేకలతోనా?" అన్నాడు అతను, కొట్టడం ఆపకుండానే.

తర్వాత తర్వాత అది మా గ్రౌండు మర్యాద అయిపోయింది. జనం కూడా ఆ దరువుకు చప్పట్లు కలిపేవాళ్ళు. దూరపు ఊళ్ళ జట్లు మా దగ్గరికి ఇష్టంగా వచ్చేవి, ఓడిపోయి కూడా ఛాయ్ తాగి పోయేవి.

నా పని మైకు. స్కోరు చెప్పడం, తప్పిపోయిన చెప్పుల గురించి చెప్పడం, వచ్చిన పెద్దమనుషులను వేదిక మీదికి పిలవడం. ఏవో జోకులు వేసేవాణ్ణి, జనం కొంచెం నవ్వేవాళ్ళు. కానీ వాళ్ళు నా మాట కోసం రావడం లేదని నాకు తెలుసు. ఒక ఆదివారం అతనికి జ్వరం వచ్చి రాకపోతే సగంమంది హాఫ్ టైముకే లేచిపోయారు. మరుసటి వారం ముందు వరసలో మా బాపు పక్కన కూర్చున్నాయన నన్ను చూసి, "డప్పాయన వచ్చిండా? నువ్వైతె రోజూ ఉంటవ్ తియ్" అన్నాడు. మామూలుగా అన్న మాటే. నేను మాత్రం చాలాకాలం దాన్ని లోపల పెట్టుకుని తిరిగాను.

*

ఆ ఎండాకాలం ఫైనల్‌కు శామీర్‌పేట వైపు నుంచి ఒక జట్టు వచ్చింది. వాళ్ళ గోల్‌కీపర్ గుండుతో ఉన్నాడు. అసలు ఆ సంవత్సరం వలలు అల్లడానికి వలాయన రాలేదు. రెండు వైపుల గోలు వలల్లోనూ చినుగులు ఉన్నాయి. ఎందుకు రాలేదని ఎవరం అడగలేదు. అడగకపోగా నేను మైకులో దాని మీద జోకు వేశాను.

"ఈసారి వలకు బొక్కలు, వాళ్ళ కీపర్‌కు గుండు! మొక్కు తీర్చుకుని వచ్చిండు, సూద్దాం దేవుడు ఎవల దిక్కున్నడో!"

జనం నవ్వారు. డప్పు దగ్గర్నుంచి అతను నా వైపు తిరిగి తల అడ్డంగా ఊపాడు. నేను చూడనట్టు ఉండిపోయాను.

ఆట ముగిసేముందు మా వాళ్ళు మూడో గోలు కొట్టారు. ఇక కప్పు మాదే. జనం అరుస్తూ గ్రౌండులోకి పరిగెత్తారు. మైకు టెంటులో మేమిద్దరమే మిగిలాం. గోలు కొట్టినవాడి దరువు అతను కొట్టేశాడు. నేను మైకు చేత్తో మూసి, "గది కొట్టురా. సావు దరువు. గీళ్ళను బొంద పెట్టినం అని చెప్దాం" అన్నాను.

"గది గ్రౌండ్ల కొట్టేది కాదు."

"ఒక్కసారికి ఏమైతదిరా? నవ్వుతరు."

"వద్దన్న గద. వలాయన సచ్చిపోయిండు. గా కీపర్ గాయన కొడుకే. ఇంక పదిహేను దినాలు గాలె. నేనే పోయి కొట్టొచ్చిన."

ఇట్లా అని అతను డప్పు నా ముందున్న బల్ల మీద పెట్టాడు. కర్రలు దాని మీద పెట్టాడు. మంచినీళ్ళ కోసం టెంటు వెనక్కి పోయాడు.

ఆ గోలలో అతని మాట నాకు వినపడలేదని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. ఒకరిద్దరితో అట్లాగే చెప్పుకుని ఏడవాలని కూడా అనుకున్నాను. వినపడింది. ప్రతి మాటా వినపడింది.

అయినా డప్పు ఎత్తి ఒళ్ళో పెట్టుకున్నాను. అతను లేకపోయినా గ్రౌండును నేను లేపగలనని అనుకున్నాను కాబోలు. ఇప్పుడు ఎంత తవ్వినా దానికి ఇంతకంటే పెద్ద కారణం దొరకలేదు. మైకును డప్పుకు దగ్గరగా జరిపి కొట్టాను. పది పన్నెండు దెబ్బలు, అంతే. అన్నేళ్ళ తర్వాత కూడా చేతులు మరిచిపోలేదు.

జనం ఒక్కసారిగా అరిచారు. మా గ్రౌండులో అంత పెద్ద చప్పుడు అంతకుముందు పుట్టలేదు, తర్వాతా పుట్టలేదు. ఈలలు, కేకలు, నవ్వులు. నా ఒళ్ళు ఝల్లుమంది. ఆ సంతోషం ఎంతసేపు ఉందో కూడా నాకు గుర్తుంది. అవతలి గోలు దగ్గర గుండుతో ఉన్న ఆ కుర్రవాడు కూర్చుండిపోవడం కనిపించేదాకా ఉంది. వెనక్కి చెయ్యి చాచి వలను పట్టుకుని కూర్చున్నాడు. వాళ్ళ నాయిన అల్లిన వల.

వాళ్ళ జట్టువాళ్ళు టెంటు వైపు పరిగెత్తుకొచ్చారు. నేను డప్పును బల్ల మీద పడేసి, మైకు తీసుకుని పక్కకు జరిగి, "శాంతంగా ఉండాలె, అందరు శాంతంగా ఉండాలె" అని చెప్పడం మొదలుపెట్టాను. సరిగ్గా అప్పుడే అతను తన డప్పు కోసం లోపలికి వచ్చాడు. వచ్చినవాళ్ళకు డప్పు చేతిలో పట్టుకుని కనిపించింది అతనే. కింద పడేసి కొట్టారు. ఎవరిదో కాలు డప్పు తోలులోంచి దిగిపోయింది. అతని ఎడమ మణికట్టు విరిగింది. నేను మైకులో శాంతంగా ఉండమని చెబుతూనే ఉన్నాను.

మరుసటి సాయంత్రం పంచాయతీ ఆఫీసు వరండాలో పెద్దమనుషులు కూర్చున్నారు. మధ్య కుర్చీలో మా బాపు. అతను చెయ్యిని తువ్వాలతో మెడకు కట్టుకుని కింద నిలబడ్డాడు. నేను స్తంభం పక్కన ఉన్నాను.

"గా దరువు నువ్వే కొట్టినవారా?" అని బాపు అడిగాడు.

అతను నా వైపు చూశాడు. ఎక్కువసేపు కాదు. నాకు నోరు తెరిచే వ్యవధి ఇచ్చాడని మాత్రం చెప్పగలను. తర్వాత తల దించుకుని, "డప్పు నాదే పటేలా" అన్నాడు.

అది ఒప్పుకోవడమేనని అందరూ అనుకున్నారు. వేరే అనుమానం ఎవరికీ రాలేదు, వచ్చే వీలూ లేదు. పటేల్ కొడుకు డప్పు ముడతాడని ఎవరు అనుకుంటారు? ఇక గ్రౌండులో అడుగు పెట్టొద్దని బాపు చెప్పాడు. అతను సరేనని వరండా దాటి నడిచాడు. మా ఇద్దరి ఇళ్ళకూ చాలా దూరం దారి ఒకటే. అతను ముందు పోతుంటే, కలుసుకోకుండా ఉండటానికి నేను అడుగులు చిన్నవి చేసుకుని నడిచాను.

*

తర్వాతి టోర్నమెంటుకు పెద్ద పెద్ద సౌండు బాక్సులు తెచ్చారు. గోలు పడితే రికార్డు చేసిన ఈలలు, చప్పట్లు వేసేవాళ్ళు. గోలు పడ్డ కాసేపటికి మీట నొక్కేవాళ్ళు కాబట్టి, ఆ సంబరం ఎప్పుడూ ఆలస్యంగా వచ్చేది. బయటి జట్లు ఒక్కొక్కటీ రావడం మానేశాయి. అవ్వ ఒకసారి వచ్చింది. "బంతి ఎవల కాడున్నదిరా?" అని అడిగి అడిగి, సగం ఆటకే చాప చుట్టుకుని పోయింది. తర్వాతి ఏడాది ఆమె లేదు. ఇప్పుడు కుర్రవాళ్ళు గుండ్లపోచంపల్లి వైపు వలగూడు కట్టిన పచ్చటి టర్ఫుల మీద ఆడుతున్నారు. అక్కడ నిలబడి చూసే చోటే ఉండదు.

నేను మాత్రం ప్రతి ఆదివారం గ్రౌండుకు పోతూనే ఉన్నాను. పాత మైకు టెంటు ఉన్న చోట కుర్చీ వేసుకుని కూర్చుంటాను. పక్కన కూర్చోవడానికి ఎవరైనా వస్తే ఏదో పని చెప్పి లేచేవాణ్ణి. ఎక్కడ ఆ రోజు ముచ్చట ఎత్తుతారోనని భయం. కొన్నాళ్ళకు రావడం మానేశారు.

రెండేళ్ళ కింద మా బాపు చనిపోయాడు. డప్పులు వచ్చాయి. శవం ముందు నడుస్తుంటే వాటిల్లో ఒకటి నాకు విడిగా వినపడింది. ఎడమచేతి పుల్ల వెంట్రుకవాసి ఆలస్యంగా పడుతోంది. తల ఎత్తి చూశాను. అతనే. మణికట్టు వంకరగా అతుక్కుంది. గ్రౌండు నుంచి తనను వెళ్ళగొట్టిన మనిషికి, కళ్ళు మూసుకుని, ఒక్క దెబ్బ తగ్గకుండా కొట్టాడు. చావు దరువు వినడమంటే ఏమిటో ఆ రోజు తెలిసింది నాకు. అంతకుముందు కొట్టడమే తెలుసు.

పదకొండో రోజు, గుండుతో, దొడ్లో అతనికి ఎదురుపడ్డాను. చుట్టూ ఎవరూ లేరు.

"ఆనాడు నేను చెప్పకపోతి" అన్నాను.

"నాకు చెప్తె ఏమొస్తదిరా? నాకు ఎర్కలేని ముచ్చటనా?"

"మరి ఎవలకు చెప్పాలె?"

"గ్రౌండ్ల కొట్టినవ్. గ్రౌండ్లనే చెప్పు" అని వెళ్ళిపోయాడు.

ఇంకో ఏడాది దాటేశాను. అప్పుడు కెప్టెన్ రెండు పేజీలు అడిగాడు.

*

కాగితాలు చించేసిన సాయంత్రం కెప్టెన్‌ను పిలిచి జరిగింది చెప్పాను, గ్రౌండులోనే అందరి ముందూ చెప్తానన్నాను. మొదట నవ్వాడు.

"కాకా, నువ్వా? డప్పా? పరాచికాలాడకు. నీకు కొట్టుడు ఎక్కడొస్తది?"

బల్ల మీద వేళ్ళతో మటన్ దుకాణం అతని దరువు కొట్టాను. పాలవ్యాన్ డ్రైవరుది కొట్టాను. కెప్టెన్ చిన్నప్పుడు వాళ్ళ నాయిన భుజాల మీద కూర్చుని విన్న దరువులు అవి. అతని ముఖంలో నవ్వు పోయింది. "మైకు పెట్టిస్త కాకా" అన్నాడు.

మైకులో చెప్పేముందు శామీర్‌పేట పోయాను. ఆ గోల్‌కీపర్ ఇప్పుడు తుర్కపల్లి ల్యాబులకు క్యాబు నడుపుతున్నాడు. ఇంటి ముందు కారు తుడుస్తున్నాడు. నేను చెబుతున్నంతసేపూ తుడుస్తూనే ఉన్నాడు.

"మా నాయిన పోయిన నాడు గాయన కొట్టుకుంట కొట్టుకుంట ఏడ్సిండు సార్. గసొంటోడు పదిహేను దినాలకే గట్ల చేసిండంటె, గా ఏడుపు గూడ దొంగ ఏడుపే అనుకున్న. ఇన్నేండ్లు గదే అనుకున్న." బట్టను బకెట్లో ముంచి పిండాడు. "డ్యూటీకి టైమైతాంది. మీరు పోండ్రి."

క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు.

ఆదివారం ఆటకు ముందు మైకులో చెప్పాను. మెట్ల మీద ఒక ముప్ఫైమంది ఉంటారేమో. ఆటగాళ్ళు బూట్ల తాళ్ళు కట్టుకుంటున్నారు. ఆ దరువు కొట్టింది నేను, అతను వద్దన్నాడు, వలాయన చనిపోయాడని చెప్పాడు, నేను విన్నాను, విని కొట్టాను, వరండాలో నిలబడి నోరు మూసుకున్నాను. ఇంతే. కాగితం చూడకుండానే చెప్పాను.

"గిప్పుడెందుకే పటేలా గవన్ని? మ్యాచ్ షురూ చెయ్యిండ్రి" అని ఎవరో అన్నారు. ఆనాడు వరండాలో కూర్చున్న పెద్దమనుషుల్లో ఒక్కాయన మిగిలి ఉన్నాడు. ఆయన కర్ర ఊతంతో లేచి నా దగ్గరికి వచ్చాడు.

"మీ బాపు లేనంక చెప్పినవ్."

అది నిజం. ఆయన మెల్లగా మెట్లు దిగి వెళ్ళిపోయాడు. కెప్టెన్ వచ్చి మైకు తీసుకుని, డప్పాయన మీద పెట్టిన ఆంక్ష తప్పు, ఆయన ఎప్పుడు వచ్చినా గ్రౌండు ఆయనదే అని చెప్పాడు. కొంతమంది చప్పట్లు కొట్టారు.

సోమవారం సాయంత్రం బస్టాపులో అతని కోసం నిలబడ్డాను. ఇప్పుడు అతను ఒక ల్యాబులో తోటపని చేస్తున్నాడు. కంపెనీ బస్సు దిగాడు, నీలం రంగు యూనిఫారం, చేతిలో టిఫిను డబ్బా.

"చెప్పిన" అన్నాను.

"ఎర్కయింది. మా బిడ్డ ఫోన్ల ఎవలో పెడితె సూపిచ్చింది." టిఫిను డబ్బా చెయ్యి మార్చుకుని, "ఇంట్లోళ్ళకు మంచిగనిపిచ్చింది" అన్నాడు.

"ఆదివారం రారాదురా. అందరు రమ్మంటున్రు."

"రాను." కోపం లేదు ఆ గొంతులో. టైము చెప్పినట్టు చెప్పాడు. "ఆదివారాలు మొక్కలకు నీళ్ళు పట్టాలె. చెయ్యి గూడ ఎక్కువసేపు ఆగదు." రెండడుగులు వేసి మళ్ళీ తిరిగాడు. "ఎదురోళ్ళు గోల్ కొడితె ఎవలన్న ఏమన్న చేస్తున్రా?"

"లేదు. ఎవలు ఏం చేస్తలేరు."

"నువ్వు చెయ్యి మరి. ఊకెనే కూసుంటవ్ గద" అని దారి పట్టాడు. ఈసారి కూడా మా ఇద్దరిదీ ఒకటే దారి. నేను అక్కడే నిలబడ్డాను, అతను మలుపు తిరిగేదాకా.

తర్వాతి ఆదివారం గుండ్లపోచంపల్లి వైపు జట్టు ఒకటి వచ్చింది. నా పాత చోటులోనే కుర్చీ వేసుకున్నాను. వాళ్ళు మొదటి గోలు కొట్టారు. మెట్ల మీద ఎవరూ కదలలేదు. మా గోల్‌కీపర్ బంతి తేవడానికి పోయాడు. గోలు కొట్టినవాడు చేతులు సగం ఎత్తి, చుట్టూ చూసి, దించుకున్నాడు.

నేను లేచి నిలబడ్డాను. అతని పాత దరువు గుర్తు చేసుకుని, ఆ లెక్కలోనే చప్పట్లు కొట్టాను. మెట్ల మీదివాళ్ళు ఫోన్లలోంచి తలలెత్తి, ఎవరీ మనిషి అన్నట్టు చూశారు. ఎవరూ కలవలేదు. రెండు చేతుల చప్పుడు ఆ కొత్త గోడకు తగిలి పలచగా వెనక్కి వచ్చింది. గోలు కొట్టినవాడు పరిగెత్తుతూ ఒక్కసారి నా వైపు తిరిగి చూశాడు. దరువు పూర్తయ్యేదాకా కొట్టి కూర్చున్నాను.